చప్పుడు చేసే కాలు

కాళ్ళ మేస్త్రి అంటే ఆ ఆస్పత్రిలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది గానీ, ఆ కాగితం రాసే గుమాస్తా కూడా పిలిచేది కాళ్ళ మేస్త్రీ అనే. ఆస్పత్రి వెనకవైపు, బట్టలుతికే గదికీ ఆక్సిజన్ సిలిండర్ల షెడ్డుకీ మధ్యన పొడుగాటి రేకుల గది ఒకటుంది. ప్రమాదంలోనో జబ్బులోనో కాలు పోగొట్టుకున్నవాళ్ళకి అక్కడ కొత్త కాళ్ళు చేస్తారు. చేసేవాళ్ళు నలుగురు. కానీ వరండాలో బల్లమీద కూర్చున్నవాళ్ళ చూపులన్నీ ఈయన టేబుల్ మీదే ఉంటాయి. మిగతా ముగ్గురూ కుళ్ళుకుంటారనుకుంటున్నారేమో, అదేం లేదు. వాళ్ళ చుట్టాల్లో ఎవరికైనా కాలు కావలసివస్తే వాళ్ళూ ఆయన దగ్గరికే తీసుకొస్తారు.

"నేను పట్టుకున్నన్ని కాళ్ళు ఈ భూమ్మీద ఎవడూ పట్టుకుని ఉండడు. అయినా ఒక్క పైఅధికారి కాళ్ళు పట్టుకోలేదు చూశారా!" అని ఆయన గొప్ప. రోజుకోసారైనా ఈ మాట అనకపోతే ఆయనకి అన్నం సయించదు. మొదటిసారి విన్నవాళ్ళు నవ్వుతారు. ముప్పయ్యేళ్ళుగా వింటున్నవాళ్ళు దగ్గుతారు.

నిజానికి ఆయన కుర్చీలూ బల్లలూ చేసే వడ్రంగి. ఇరవై నాలుగేళ్ళప్పుడు ఆస్పత్రిలో ఒక బీరువా తలుపు ఊడితే బాగుచేయడానికి వచ్చాడు. ఆ పూట వరండాలో ఒక పోస్టుమ్యాన్ కొత్తగా పెట్టిన కాలుతో నడక నేర్చుకుంటున్నాడు. అడుగేసినప్పుడల్లా ఆ కాలు పక్కకి విసురుకుంటోంది, మనిషి చెమటలు కక్కుతున్నాడు. మనవాడి నోరు ఊరుకుంటుందా? "కుర్చీ కాలే ఇంతకంటే తిన్నగా చేస్తాను నేను!" అనేశాడు. వెనకాల పెద్ద డాక్టరుగారు నిలబడి ఉన్న సంగతి తెలియదు పాపం. ఆయన కోప్పడలేదు. "అయితే చెయ్యవోయ్, చూద్దాం" అన్నారు.

పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజున ఆ పోస్టుమ్యాన్ ఆస్పత్రి మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి, కింది మెట్టు మీద కూర్చుని భోరుమన్నాడు. పక్కన కూర్చుని మనవాడూ ఏడ్చాడు. ఎందుకేడ్చాడో ఇప్పటికీ చెప్పలేడు. ఇంక ఆ గది వదిలి వెళ్ళలేదు. బీరువా తలుపు మాత్రం ఈనాటికీ అలాగే వేలాడుతోంది.

కాలు ఎలా చేస్తారో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మిగిలిన కాలికి తడి ప్లాస్టరు పట్టీ చుట్టి అచ్చు తీస్తారు. ఆ అచ్చుని బట్టి ఒక తొడుగు తయారుచేస్తారు, మనిషి కాలు అందులో కూర్చుంటుంది. తొడుగు కింద గొట్టం, గొట్టం కింద పాదం. ఎవరు చేసినా ఇంతే. తేడా అంతా ఆ తర్వాతే వస్తుంది. ఏ మర ఎంత బిగించాలి, మడమ ఎంత వెనక్కి జరపాలి, ఎక్కడ గీకాలి, ఎక్కడ మెత్త పెట్టాలి, అదీ పని.

దానికి మేస్త్రి పెట్టే పరీక్ష ఒకటుంది. మనిషిని వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడవమని, తను గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంటాడు. అడుగుల చప్పుడు వింటాడు. ఏది సొంత కాలో, ఏది తను చేసిన కాలో చెవికి తెలిసినంతసేపూ ఆయన లెక్కలో అది కాలు కాదు, కర్రముక్క. "ఊహూఁ, ఇంకా వినిపిస్తోంది" అంటాడు. మళ్ళీ విప్పుతాడు, మళ్ళీ గీకుతాడు, మళ్ళీ వారం రమ్మంటాడు. అలా తిప్పగా తిప్పగా ఒకరోజున కళ్ళు తెరిచి, "నాకేం వినపడలేదు తల్లీ, ఇంటికి తీసుకెళ్ళు" అంటాడు. ఆ మాట ఆయన నోటివెంట వచ్చేదాకా రాజుగారొచ్చి అడిగినా కాలు గడప దాటదు. ఇరవయ్యేళ్ళ కిందట ఈ పద్ధతిని గది మొత్తానికీ రూలు చేయించాడు కూడా. "నడిస్తే చప్పుడు రాకూడదు. వస్తే సూపరింటెండెంటు సంతకం లేనిదే ఇవ్వకూడదు" అని తన చేత్తోనే అట్టమీద రాసి, అప్పటి సూపరింటెండెంటు చేత సంతకం పెట్టించి, గోడకి మేకులు కొట్టాడు. అంత పిచ్చి.

ఇంట్లో మాత్రం ఈ పిచ్చికి గౌరవం తక్కువ. వాళ్ళావిడ బస్టాండులో టిక్కెట్ల కౌంటరులో పనిచేస్తుంది. రోజుకి వెయ్యి మొహాలు చూసే మనిషి. "మా ఆయనకి మనిషి మొహం గుర్తుండదు, మోకాలి కిందదే గుర్తుంటుంది" అంటుంది. అందులో అబద్ధమేం లేదు. ఆయన రోగుల్ని పిలిచేది కూడా 'కుడి', 'ఎడమ' అనే. "ఇవాళ ఆ పొట్టి ఎడమ వచ్చాడు, మెట్లు ఎక్కేశాడోయ్!" అని భోజనం దగ్గర మురిసిపోతాడు. పొట్టి ఎడమకి ఇల్లుందా, పెళ్ళాముందా, తిండి ఎలా వస్తోంది అని ఆవిడ అడిగితే నీళ్ళు నములుతాడు.

ముప్పయ్యేళ్ళలో ఆరుగురు సూపరింటెండెంట్లు మారారు. ప్రతివాళ్ళూ మొదటి నెల ఆయన్ని దారిలో పెడదామని చూశారు, రెండో నెల ఆయన దారికి ఆయన్ని వదిలేశారు. వదలక ఏం చేస్తారు? మనిషి సెలవు పెట్టడు. కబుర్లు చెబుతున్నా చెయ్యి ఆగదు. ఎవరూ చెప్పకుండానే పాతవాళ్ళకి ఫోన్లు చేసి పిలిపించి అరిగిన పాదాలు మారుస్తాడు. పని మీద అంత ప్రేమ ఉన్నవాడికి స్వేచ్ఛ ఒకరు ఇచ్చేదేముంది, వాడే తీసేసుకుంటాడు. అలాంటివాణ్ణి నెత్తిన పెట్టుకోవలసిందే, కాదనను. కానీ ఒక కంట కనిపెట్టుకుని కూడా ఉండాలి. ఎందుకంటారా, చెబుతాను.

ఏడో సూపరింటెండెంటు ఆడమనిషి. నలభై ఇంకా నిండలేదు, కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ ఒక ఫైలు. అరవదు, అదే వచ్చిన చిక్కు. అరిచేవాళ్ళ మీద రెండింతలు అరవడం మేస్త్రికి వెన్నతో పెట్టిన విద్య. మెల్లిగా మాట్లాడేవాళ్ళతో ఎలా పోట్లాడాలో ఆయనకి తెలియదు.

"మేస్త్రిగారూ, మిగతా టేబుళ్ళ దగ్గర మూడుసార్లు వస్తే కాలు చేతికొస్తోంది. మీ దగ్గర తొమ్మిదిసార్లు, పదిసార్లు" అంది ఆవిడ.

"వాళ్ళవి వినిపిస్తాయి మేడమ్. అందుకే ప్రతిదానికీ మీ సంతకం తెచ్చుకుంటారు."

"వినిపించినా నడుస్తున్నారు కదండీ. అదిగో, ఆ వరండాలో నలభై మంది ఉన్నారు. వాళ్ళు అసలు నడవనే లేదు."

ఇరుకున పడితే మేస్త్రి ఆకురాయి తీసుకుని ఏది దొరికితే దాన్ని గరగరా రాస్తాడు. రాశాడు. ఆవిడ ఆ గోల ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, "వచ్చే నెల నుంచి మీకైనా మూడేసార్లు" అని వెళ్ళిపోయింది.

"మూడుసార్లలో చొక్కా కూడా సరిగ్గా కుట్టించుకోలేం, కాలట కాలు!" అని మేస్త్రి సాయంత్రం దాకా సణిగాడు. "నా కాలు ఎప్పుడయిందో నేను చెబుతాను. వాళ్ళెవరు చెప్పడానికి?"

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన టేబుల్ దగ్గరికి ఒక 'కుడి' వస్తూండేది. ముప్పయ్ అయిదేళ్ళుంటాయి. వెనక్కి వస్తున్న బస్సు తగిలి మోకాలి కింద కాలు పోయింది. రెండు చంకకర్రలు, భుజాన ఒక సంచి, మొహాన నవ్వు. స్కూలు బ్యాగులు కుట్టే వర్క్‌షాపులో పని. మొదటిరోజు కాగితంలో 'పని' అన్నచోట మేస్త్రే ఆ ముక్క రాశాడు.

"బ్యాగులు కుట్టడమా? కూర్చుని చేసే పనే కదా, ఇంకేం! కాలికి శ్రమే లేదు. నేనిచ్చే కాలు నీ మనవలు చూస్తారు" అన్నాడు.

ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే ప్లాస్టరు తడుపుతున్నాడు. వినే తీరికేదీ?

"మేస్త్రిగారూ, ఒకటో తారీకుకల్లా నేను పనిలో ఉండాలండీ" అంది చివరికి. "అయిదు నెలల నుంచి మా ఓనరమ్మ నా మిషను ఎవరికీ ఇవ్వకుండా గుడ్డ కప్పి ఉంచింది. ఇప్పుడు బడులు తెరుస్తున్నారు, ఇంక ఆగలేనంది. ఒకటో తారీకు పొద్దున నేను కూర్చోకపోతే ఇంకొకామె కూర్చుంటుంది."

"ఒకటో తారీకా! ఆ రోజుకి నిన్ను పరుగెత్తిస్తాను చూడు."

వారానికి రెండుసార్లు వచ్చింది, రెండు బస్సులు మారి. ఆమె నడక మేస్త్రికి సవాలుగా తగిలింది. మనిషి సన్నం, అడుగు తేలిక, సొంత కాలికి దాదాపు చప్పుడే లేదు. అంత మెత్తటి అడుగుకి జోడీ కుదర్చాలంటే మాటలా! నాలుగోసారి వినిపించింది. ఆరోసారి వినిపించింది. ఎనిమిదోసారి ఆమె "నాకు బాగానే ఉంది మేస్త్రిగారూ, ఇచ్చేయండి" అంటే, "నీకు బాగుంటే సరిపోయిందా? నాకు బాగుండొద్దూ?" అని విప్పేశాడు. అన్న మాట ఆయనకేం తప్పుగా వినిపించలేదు. ప్రేమతోనే అన్నాడు మరి.

తొమ్మిదోసారి, ఒకటో తారీకు ఇంకా అయిదు రోజులుందనగా, ఆమె వరండా ఆ చివరకి వెళ్ళి వచ్చింది. మేస్త్రి గోడవైపే ఉండిపోయాడు. ఇంకోసారి నడవమన్నాడు. ఇంకోసారి. కళ్ళు తెరిచేసరికి ఆ కళ్ళల్లో నీళ్ళు. "నాకేం వినపడలేదు తల్లీ" అన్నాడు. బల్లమీదవాళ్ళు చప్పట్లు కొట్టారు. మిగతా ముగ్గురూ పని ఆపి వచ్చి ఏది ఏ కాలో పోల్చుకోబోయి ఓడిపోయారు. ఆరోజు మేస్త్రి ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

మర్నాడు సాయంత్రం, గదికి తాళం వేసే వేళకి, వరండాలో చంకకర్రల చప్పుడు వినిపించింది. ఆమే. కాలు తొడుక్కోలేదు. భుజాన ఉన్న స్కూలు బ్యాగు జిప్పు తీసి, అందులోంచి కాలు బయటికి లాగి టేబుల్ మీద పెట్టింది.

"ఏమైంది? విరిగిందా?" మేస్త్రి కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"విరగలేదండీ. ఇది మీరే ఉంచుకోండి."

"మతి గాని పోయిందా నీకు? ముప్పయ్యేళ్ళలో నేను చేసినవాటిలో ఇంత మంచి కాలు లేదు!"

"నడవడానికి బ్రహ్మాండంగా ఉంది. కాదన్నానా?" ఆమె బ్యాగు జిప్పు మూసేసింది. "నేను నడిచి తినట్లేదు మేస్త్రిగారూ, తొక్కి తింటున్నాను. రెండు కాళ్ళూ పెట్టి రోజంతా తొక్కే మిషను నాది. నిన్న ఇక్కడినుంచే, ఇవాళ పొద్దుటినుంచీ పనికెళ్ళి చూశాను. మీ పాదం రాయిలా బిగుసుకుని ఉంటుంది, కిందికి వాలదు, పైకి లేవదు. మోకాలితో తోస్తే చర్మం ఊడొచ్చింది. ఒంటికాలితో తొక్కితే మధ్యాహ్నానికి వాచిపోయింది. అక్కడ అందరూ నా నడక చూసి ఆహా అన్నారు. బ్యాగు మాత్రం ఒక్కటి పూర్తి కాలేదు నా చేతిలో."

మేస్త్రికి తల తిరిగిపోయింది. తిరిగితే మంచి మాట ఎలా వస్తుంది? "అలవాటు కావాలమ్మా. రెండు నెలలు సాధన చేస్తే అదే వస్తుంది. ఆత్రపడితే ఎలా?" అన్నాడు.

"నాకున్నది నాలుగు రోజులు" అంది ఆమె. "మీకు ఎన్ని రోజులు కావాలంటే అన్ని తీసుకున్నారు. నాకు ఏం కావాలని ఒక్కసారి అడిగారా?"

కాలు టేబుల్ మీదే వదిలేసి చంకకర్రలు వేసుకుంటూ వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి మేస్త్రి కంచం ముందు కూర్చుని గంటసేపు ఆమెని తిట్టాడు. మంచికి పోతే చెడు ఎదురైందన్నాడు, కాలం పాడైందన్నాడు, ఈ సూపరింటెండెంటు గాలి రోగులకి కూడా సోకిందన్నాడు. వాళ్ళావిడ గిన్నెలు సర్దుతూ అంతా విన్నది.

"తొమ్మిదిసార్లు వచ్చిందన్నారు. ఆ మిషను ఎలా ఉంటుందో తెలుసా మీకు?"

"నాకెందుకు తెలియాలే? నేను కాళ్ళు చేస్తాను, మిషన్లు కాదు."

"ఎంత చక్కటి మాట! మా కౌంటరు దగ్గరికొచ్చినవాడు ఎక్కడికెళ్ళాలో అడక్కుండా నాకు నచ్చిన ఊరికి టిక్కెట్టు కొట్టిస్తే ఊరుకుంటాడా? మంచి బస్సేనయ్యా, కిటికీ పక్క సీటేనయ్యా అంటే తన్నడూ?"

మేస్త్రి లేచి చెయ్యి కడుక్కున్నాడు. తిన్నది రెండు ముద్దలు. మర్నాడు ఆదివారం, రోజంతా మంచం మీద అటూ ఇటూ దొర్లాడు గానీ ఆమెని ఇంకొక్క మాట అనలేదు.

ఆ తర్వాతి పొద్దున ఆస్పత్రికి ఫోన్ చేసి సెలవన్నాడు. గుమాస్తా నమ్మలేక రెండుసార్లు అడిగాడు. మేస్త్రి ఆ కాలు గోనెసంచిలో పెట్టుకుని, కాగితంలో ఉన్న చిరునామా వెతుక్కుంటూ బ్యాగుల వర్క్‌షాపుకి వెళ్ళాడు. సైకిలు కొట్టు మీద మేడ. లోపల పన్నెండు మిషన్లు, నేల నిండా రంగురంగుల గుడ్డ ముక్కలు, దారం పోగులు. కిటికీ దగ్గర ఒక మిషను మీద పువ్వుల దుప్పటి కప్పి ఉంది. ఆమె నేలమీద కూర్చుని జిప్పులు కత్తిరిస్తోంది. ఈయన్ని చూసి లేవబోయింది.

"లేవకు తల్లీ. ఆ దుప్పటి తియ్యొచ్చా?" అన్నాడు.

మిషను ముందు కూర్చున్నాడు. పొడుగాటి గుడ్డ పీలిక ఒకటి తీసుకుని తన కుడి చీలమండని ఇటూ అటూ కదలకుండా కర్రముక్క పెట్టి కట్టేసుకున్నాడు. తొక్కాడు. చక్రం వెనక్కి తిరిగింది, దారం పుటుక్కున తెగింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ తెగింది. పదకొండు మిషన్లూ ఆగిపోయాయి. ఆడవాళ్ళందరూ నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మూడోసారి సూది విరిగి ఎగిరి ఓనరమ్మ టీ గ్లాసులో పడేసరికి ఇంక ఎవరివల్లా కాలేదు, మేడ అదిరేటట్టు నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. చెమట తుడుచుకుని కట్టు విప్పి, ఉత్తి కాలితో తొక్కి చూశాడు. మునివేళ్ళు దిగుతున్నాయి, మడమ దిగుతోంది, మళ్ళీ వేళ్ళు. పనంతా చీలమండదే. ఆమెకి ఆయన ఇచ్చిన కాలికి చీలమండే లేదు. చప్పుడు రాకూడదని అక్కడ కదలికంతా బిగించేసింది ఆయనే.

"మొదటిరోజే చెప్పబోయావు కదూ?" అన్నాడు.

"చెప్పబోయాను."

మేస్త్రి పక్కనున్న బ్యాగుల గుట్టలోంచి ఒకటి తీసి తిరగేసి చూశాడు. భుజాన వేసుకునే పట్టీ అతికినచోట నాలుగు వరసల కుట్టు, దాని మీద అడ్డంగా ఇంకో రెండు వరసలు.

"ఇది నీ పనేనా?"

"పాత సరుకండీ, నాదే. రెండు వరసలు చాలంటుంది ఓనరమ్మ. నేను వినను. పిల్లలు పట్టీ పట్టుకుని గిరగిరా తిప్పుతారు, తెగిందంటే పుస్తకాలన్నీ రోడ్డుమీదే. ఆమె కేకలేస్తూనే ఉంటుంది, నేను కుడుతూనే ఉంటాను."

మేస్త్రికి అప్పుడు తెలిసింది ఎదురుగా ఉన్నది ఎవరో. తొమ్మిదిసార్లు తన టేబుల్ ముందు కూర్చున్న మనిషి తన జాతే, తనలాంటి మొండిఘటమే. ఆ ముక్క తెలియకుండా ఆమె కుట్టుని ఆమెకి కాకుండా చేశాడు తను. సిగ్గుతో ఆయనకి చెవులు వేడెక్కాయి.

మధ్యాహ్నం సెలవు రద్దు చేసుకుని గదికొచ్చి పడ్డాడు. కాలి అడుగున పాదం ఊడదీసి, గొట్టానికీ దానికీ మధ్య తలుపు బందులాంటిది పెట్టాడు. ముందూ వెనకా రెండు రబ్బరు ముక్కలు. రబ్బరు నొక్కుకుంటే పాదం వాలుతుంది, వదిలితే లేస్తుంది. మరునాడు పొద్దున ఆస్పత్రి దుప్పట్లు కుట్టే గదిలోంచి పాత తొక్కుడు మిషను ఇద్దరి చేత మోయించి వరండాలో పెట్టించాడు. రమ్మని చెప్పివచ్చిన ప్రకారం ఆమె వచ్చి కాలు తొడుక్కుని కూర్చుంది. తొక్కింది. చక్రం ఒకసారి తడబడి, అందుకుంది. మరి ఆగలేదు. చినిగిన దుప్పటి ఒకటి ఆ చివర నుంచి ఈ చివర దాకా కుట్టేసింది. తలెత్తి చూసిన ఆ మొహం చూడాలి!

"ఏదీ, నడువు" అన్నాడు మేస్త్రి.

నడిచింది. టప్. టప్. టప్. అడుగేసినప్పుడల్లా వదులు పాదం నేలకి కొట్టుకుంటోంది. నడకలో చిన్న తూగు కూడా వచ్చింది. మేస్త్రికి కళ్ళు మూసుకోవలసిన పని లేకపోయింది, ఆక్సిజన్ షెడ్డులో వాళ్ళకి కూడా వినిపించి ఉంటుంది. ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది ఆయనకి. గబగబా వెళ్ళి రబ్బరు బిగించాడు. చప్పుడు తగ్గింది. ఆమె మిషను తొక్కింది, బరువైంది. వదులు చేశాడు. మిషను తేలిక, నడక టప్. మళ్ళీ బిగించబోయాడు.

"వద్దండీ" అంది ఆమె.

"కొంచెం. అర చుట్టు."

"అర చుట్టుకి సాయంత్రానికి నా తొడ లాగేస్తుంది."

"పోనీ రెండు పాదాలు ఇస్తాను. నడకకి ఒకటి, మిషనుకి ఒకటి, మార్చుకో."

"దారానికి లేస్తాను, గుడ్డకి లేస్తాను, నీళ్ళకి లేస్తాను. లేచినప్పుడల్లా పాదం ఊడదీస్తూ కూర్చోనా?"

"అది కాదు తల్లీ, బయట నలుగురూ వింటారు..."

"విననివ్వండి."

మేస్త్రి చేతిలో మర తిప్పే పానా ఉంది. ముప్పయ్యేళ్ళలో ఆ పానా ఇంకొకళ్ళ చేతికి ఇచ్చింది లేదు, మిగతా ముగ్గురూ అడిగినా ఇవ్వలేదు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఇదిగో, ఇటు తిప్పితే బిగుతు, అటు తిప్పితే వదులు. నీకు ఎంత కావాలో నువ్వే పెట్టుకో" అని ఇచ్చేశాడు.

ఆమె తిప్పింది, తొక్కింది, ఇంకొంచెం తిప్పింది, తొక్కింది, లేచి నడిచింది, మళ్ళీ కూర్చుని పావు చుట్టు వెనక్కి తిప్పింది. మేస్త్రి పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు గానీ చెయ్యి పెట్టలేదు. "అయింది" అంది ఆమె. ఎక్కడ పెడితే చెవికి ఎక్కువ బాధో సరిగ్గా అక్కడే పెట్టింది, మహాతల్లి!

ఇంక మిగిలింది సంతకం. చప్పుడు చేసే కాలు గది దాటాలంటే సూపరింటెండెంటు ఒప్పుకోవాలి. గోడమీది అట్ట అలా అంటోంది, ఆ అట్ట రాసింది ఎవరో మీకు తెలుసు. మేస్త్రి చేతులు కడుక్కుని, తల దువ్వుకుని, ఎన్నడూ ఎక్కని మెట్లెక్కి ఆవిడ తలుపు తట్టాడు.

"ఒక సంతకం కావాలి మేడమ్. రేపు ఒకటో తారీకు, ఇవాళే ఇవ్వాలి" అన్నాడు నిలబడే.

ఆవిడ కాగితం చదివింది. "'చప్పుడు: ఉంది' అని రాశారే! మీ గది రూలు మీదే కదండీ, మీ చేతిరాతే."

"రూలు నాదే మేడమ్. కాలు ఆమెది."

ఆవిడ కళ్ళజోడు తీసింది. ఆయన జరిగిందంతా చెప్పాడు, సూది టీ గ్లాసులో పడటంతో సహా. "మొదటిరోజే అడగవలసింది. తొమ్మిదిసార్లు తిప్పుకుని కూడా అడగలేదు. నా పని నాకు తెలుసనుకున్నాను" అన్నాడు. అలాంటి మాట ఆయన నోట రావడం ఆవిడకే ఇబ్బందిగా అనిపించిందేమో, తల వంచుకుని సంతకం పెట్టేసింది.

"మొదటిసారే అడిగితే మూడుసార్లతో సరిపోతుందేమో మేస్త్రిగారూ."

"ఏడు" అన్నాడు మేస్త్రి.

"అయిదు."

"చూద్దాం లెండి" అని కాగితం పట్టుకుని వచ్చేశాడు.

ఆమె చంకకర్రలు ఆస్పత్రికే ఇచ్చేసి, సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. "వస్తాను మేస్త్రిగారూ. మీ మనవలకి బ్యాగులు కావాలంటే నాకే చెప్పండి, ఆరు వరసలు వేస్తాను" అంది. వరండా పొడుగునా టప్, టప్, టప్ అంటూ తూగుతూ వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు, బస్సు వేళయింది. మేస్త్రి గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు గేటు దాకా విన్నాడు.

బల్లమీద కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు, ఎడమకాలి పంచె కింద ఏమీ లేదు. ఆమె వెళ్ళినవైపు చూసి నొచ్చుకుంటూ, పక్కాయనతో కాస్త గట్టిగానే అన్నాడు. "పాపం, చిన్న వయసు. ఎవడు చేశాడో గానీ ఎంత అధ్వాన్నంగా చేశాడండీ, ఊరంతా వినిపిస్తోంది. మనకి వాడు తగలకుండా చూసుకోవాలి."

గదిలో మిగతా ముగ్గురి చేతులూ ఆగిపోయాయి. ఆయన ఏదో ఒకటి చెప్పి సర్దుకుంటాడేమోనని బల్లమీద పాతవాళ్ళు మేస్త్రి వైపు చూశారు.

"నేనే చేశానండీ" అన్నాడు మేస్త్రి. అని, వెళ్ళి ఆ పెద్దాయన చంక కింద చెయ్యి వేసి లేపాడు. "రండి, లోపలికి రండి. ప్లాస్టరు తర్వాత తడుపుతాను. ముందు కూర్చుని చెప్పండి, మీరేం పని చేస్తారు?"